చిన్నతనంలో దెబ్బతిన్న పిల్లల్ని మళ్లీ నిలబెట్టడం: ఇంట్లో, హాస్టల్లో రోజూ చేయాల్సిన పని

తాగొచ్చి అమ్మను కొట్టే నాన్నను చూస్తూ పెరిగిన పిల్లవాడు, తల్లి పోయాక అమ్మమ్మ ఇంటికి చేరిన పిల్ల, దగ్గరి బంధువు చేతిలోనే లైంగిక హింస భరించిన అమ్మాయి లేదా అబ్బాయి. ఇలాంటి పిల్లలు 12 నుంచి 19 ఏళ్ల మధ్య ఉన్నప్పుడు వాళ్ల బాధ్యత తీసుకున్న పెద్దల కోసం ఇది రాస్తున్నాం. మీరు మేనమామ కావచ్చు, పిన్ని కావచ్చు, గురుకులంలో వార్డెన్ కావచ్చు, క్లాస్ టీచర్ కావచ్చు.

హవాయి దీవుల్లోని కవాయ్‌లో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ అనే పరిశోధకులు నలభై ఏళ్ల వయసు దాకా గమనిస్తూ వచ్చారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల తాగుడు, మానసిక జబ్బు వంటివి నాలుగైదు మీదపడ్డ పిల్లల్లో కూడా దాదాపు మూడింట ఒక వంతు మంది చక్కగా పెరిగి పెద్దవాళ్లయ్యారు. వాళ్ల జీవితాల్లో తరచుగా కనిపించింది ఏళ్ల తరబడి వదలకుండా పట్టించుకున్న ఒక్క పెద్ద మనిషి. కన్నవాళ్లే కానక్కర్లేదు, తాతో అత్తో టీచరో. టీనేజీలో చెడిపోయారనుకున్న మిగతావాళ్లలోనూ చాలామంది ముప్పై, నలభై ఏళ్లకు కుదురుకున్నారు. ఆ ఒక్క పెద్ద మనిషి స్థానంలో మీరుంటే రోజూ ఏం చేయాలన్నదే ఇక్కడి విషయం. పిల్లలకు ధైర్యం చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నెలల తరబడి ఒకే తీరుగా ఉండేవాళ్లు తక్కువ. పిల్లలు తేరుకునేది ఈ రెండోవాళ్ల దగ్గరే.

ముందు ప్రమాదం ఆగిందో లేదో చూడండి

హింస ఇంకా జరుగుతుంటే ఏ పద్ధతీ పనిచేయదు. కొట్టిన మనిషి వారానికోసారి భోజనానికి వస్తుంటే, ముట్టుకున్న బంధువు పండక్కి అదే ఇంట్లో పడుకుంటుంటే, ఆ పిల్ల నిద్రపోకపోవడమే సరైన తెలివి. ముందు ఆ మనిషి రాకపోకలు ఆపాలి. 'పరువు పోతుంది, సర్దుకుపో' అనే మాట పిల్ల చెవిన పడిన రోజు మీ మీద నమ్మకం పోతుంది.

లైంగిక హింస గురించి పిల్ల మీతో చెబితే మూడు మాటలు చాలు: 'నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. ఇందులో నీ తప్పేమీ లేదు. చెప్పి మంచి పని చేశావు.' ఎవరికీ చెప్పనని మాటివ్వకండి, నిలబెట్టుకోలేరు. 'నిన్ను కాపాడటానికి అవసరమైన వాళ్లకే చెబుతాను, ఎవరికి చెప్పేదీ ముందు నీకు చెబుతాను' అనండి. ఎప్పుడు, ఎలా, ఎందుకు అరవలేదు అని గుచ్చి గుచ్చి అడగొద్దు. పిల్ల వాడిన మాటలు వాడినట్టుగా, తేదీ, టైము వేసి కాగితం మీద రాసిపెట్టండి. ఆ తర్వాత పెద్దమ్మకీ, బాబాయికీ, పక్కింటావిడకీ మళ్లీ మళ్లీ చెప్పించకండి. చెప్పిన ప్రతిసారీ పిల్ల మళ్లీ అదే అనుభవంలోకి వెళ్లొస్తుంది.

18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక హింస జరిగిందని తెలిసిన ఎవరైనా ఫిర్యాదు చేయాల్సిందేనని, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం చెబుతోంది. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు శిక్ష పడవచ్చు. పిల్లల సహాయానికి 1098, తక్షణ ప్రమాదంలో 112. వాంగ్మూలం ఇంటి దగ్గరే, లేదా పిల్ల కోరిన చోట, యూనిఫాం లేని పోలీసు అధికారి తీసుకోవాలి. వీలైనంత వరకు ఆ అధికారి ఎస్సై లేదా ఆపై హోదా మహిళా అధికారి అయ్యుండాలి. పిల్ల నమ్మే పెద్దవాళ్లు పక్కనే కూర్చోవచ్చు. రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. ఇవి మీరు అడిగి తీసుకోవాల్సిన హక్కులు.

ఘటన జరిగి 72 గంటలు దాటకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఆ గడువులోపే మొదలుపెట్టాలి. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర ఎంత త్వరగా వేస్తే అంత మేలు. ఒంటి మీది బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పట్టి సాక్ష్యం పాడవుతుంది. ఎఫ్ఐఆర్ లేకపోయినా పరీక్ష చేయాలి. అమ్మాయిని పరీక్షించేది మహిళా డాక్టరే అయ్యుండాలి. ప్రైవేటు ఆసుపత్రి అయినా ఈ చికిత్స ఉచితంగానే చేయాలి.

పొగరు, బద్ధకం, నాటకాలు అనిపించేవి

వీధిలో బుల్లెట్ బండి చప్పుడైతే ఉలిక్కిపడటం. వంటింట్లో స్టీలు పళ్లెం పడితే కోపంతో ఊగిపోవడం. లెక్కల క్లాసులో కళ్లు తెరుచుకునే ఉన్నా మనిషి అక్కడ లేకపోవడం. ఏం అడిగినా 'ఏమో' అనడం. ఇంట్లో వీటికి పెట్టే పేర్లు మీకు తెలుసు.

లోపల జరిగేది వేరు. ఏళ్ల తరబడి భయంలో పెరిగిన పిల్లల మెదడు ప్రమాదాన్ని పసిగట్టే పనిలోనే ఎక్కువ శక్తి పెడుతుంది. నిప్పు లేకపోయినా మోగే సైరన్ లాంటిది అది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, ఆలోచించే భాగం కాసేపు వెనక్కి తగ్గుతుంది. అందుకే ఆ క్షణంలో 'ఎందుకిలా చేశావు?' అంటే జవాబు రాదు, వాళ్లకీ తెలియదు. కొందరిలో దీనికి పూర్తిగా ఎదురుగా ఒళ్లు మొద్దుబారిపోతుంది. ఏడవరు, నవ్వరు, ఆకలి చెప్పరు. 'భలే బుద్ధిమంతుడు, అసలు గొడవే చేయడు' అని బంధువులు మెచ్చుకునే ఈ పిల్లల గురించే ఎక్కువ జాగ్రత్త పడాలి.

చదివింది గుర్తుండకపోవడం, మార్కులు పడిపోవడం కూడా చాలాసార్లు ఇందులో భాగమే. ట్యూషన్ పెంచితే తగ్గదు.

రోజు ఎలా గడవాలి

భయానికి విరుగుడు ముందే తెలిసిన రోజు. లేచే టైము, మూడు పూటలా తిండి టైము, నిద్ర టైము అరగంట అటూ ఇటూ తప్ప మారకూడదు. మారాల్సి వస్తే ముందు రోజే చెప్పండి: 'రేపు మామయ్య వాళ్లు వస్తున్నారు, రాత్రి ఉంటారు, నీ గది నీదే.' తన వస్తువులకు తాళం పడే ఒక పెట్టె గానీ బీరువాలో ఒక అర గానీ ఇవ్వండి. తాళంచెవి తన దగ్గరే ఉండాలి. బాత్రూం తలుపుకు పనిచేసే గడియ ఉండాలి. లైంగిక హింస భరించిన పిల్లలకు ఈ గడియ ఎన్నో మాటల కంటే ఎక్కువ.

రోజుకు 15 నిమిషాలు పిల్లకోసమే కేటాయించండి. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించేందుకు కాదు. చిక్కుడుకాయలు ఒలుస్తూనో, బట్టలు మడతపెడుతూనో, బండి మీద సెంటర్‌కి వెళ్లొస్తూనో పక్కపక్కన ఉండటం. ఆ కాసేపు చదువు ఊసు, హితబోధ, పాత సంగతుల గురించి ప్రశ్నలు ఏవీ వద్దు. మీ ఫోను లోపల పెట్టేయండి. కళ్లలో కళ్లు పెట్టి చూడనక్కర్లేనప్పుడే ఈ వయసు పిల్లలు మాట్లాడతారు. చాలా రోజులు ఏమీ మాట్లాడకపోయినా కొనసాగించండి. ఎక్కువమంది ఇక్కడే ఆపేస్తారు: పది రోజులు చేసి, ఫలితం కనపడలేదని మానేస్తారు. దానికంటే మొదలుపెట్టకపోవడమే నయం, ఎందుకంటే మానేయడం పిల్లకు బాగా పరిచయమైన పాఠం. రోజూ 15 నిమిషాలు కుదరదనుకుంటే వారానికి మూడు రోజులే పెట్టుకోండి, ఆ మూడు రోజులూ తప్పకండి.

ఇంకో సంగతి ముందే తెలిసుండాలి. కొత్త ఇంటికి వచ్చిన పిల్లలు మొదట్లో అణకువగా ఉండి, కొన్ని వారాలు గడిచాక ఒక్కసారిగా ఎదురు తిరుగుతారు. అబద్ధాలు, చిన్న దొంగతనాలు, 'మీరేమీ మా అమ్మ కాదు' అనడం. ఇక్కడ కాస్త భయం తగ్గింది కాబట్టే లోపలిది బయటకు వస్తోంది. తను చెడ్డగా ఉన్నా ఉంచుకుంటారా అని పరీక్షిస్తున్నట్టు కూడా. 'ఇలాగైతే హాస్టల్లో పడేస్తాం', 'మీ నాన్న దగ్గరికే పంపేస్తాం' అన్న మాట ఎంత కోపంలోనూ రాకూడదు.

తప్పు చేస్తే ఫలితం ఉండాలి, కానీ చిన్నదిగా, ఆ తప్పుకు సంబంధించినదిగా, ఆ రోజే ముగిసిపోయేదిగా. ఫోన్ విసిరి పగలగొడితే బాగుచేయించే ఖర్చులో కొద్ది భాగం తన చేతి ఖర్చుల్లోంచి ఆ రోజే, అంతటితో సరి. కొట్టడం, అన్నం పెట్టకపోవడం, గదిలో పెట్టి గడియ వేయడం పూర్తిగా మానాలి. ఈ పిల్లలకు అవి శిక్షగా అందవు, పాత భయాన్నే లేపుతాయి. మీరు అరిచేస్తే గంటలోపు వెళ్లి, 'అరవడం నా తప్పు. విషయం రేపు మాట్లాడుకుందాం' అనండి. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకుని కూడా పెద్దవాళ్లుగానే ఉండగలరని చాలామంది పిల్లలు మొదటిసారి చూసేది అప్పుడే.

గుండె దడ, కోపం, మొద్దుబారడం వచ్చినప్పుడు

ముందు మీ గొంతు తగ్గించండి. పక్కకు నిలబడండి, తలుపుకు అడ్డంగా ఉండకండి. అడగకుండా భుజం మీద చెయ్యి వేయకండి. 'నీకు భయమేసింది. ఇప్పుడు నువ్వు మన ఇంట్లో ఉన్నావు. ఇవాళ శుక్రవారం' అని చిన్న వాక్యాల్లో చెప్పండి.

తర్వాత రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనించమనాలి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు గాలి పీల్చి, నోటితో ఆరు అంకెల సేపు వదలమనండి. బయటకు వదిలేది పొడవుగా ఉంటేనే గుండె వేగం తగ్గుతుంది. గట్టిగా, లోతుగా పీల్చమంటే కళ్లు తిరిగి భయం ఇంకా పెరుగుతుంది, చాలామంది చేసే పొరపాటు ఇదే. మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. కళ్లు మూసుకోమనొద్దు, కొందరికి కళ్లు మూయగానే పాత దృశ్యాలే వస్తాయి.

మొద్దుబారిపోయిన పిల్లకు శ్వాస కంటే ఇంద్రియాలు బాగా పనిచేస్తాయి. కనిపించే 5 వస్తువులు, తాకగలిగే 4, వినిపించే 3 శబ్దాలు, 2 వాసనలు, నోట్లో 1 రుచి చెప్పించండి. చన్నీళ్లతో మొహం కడగడం, నాలుక మీద చింతపండు లేదా ఉసిరికాయ ముక్క పెట్టుకోవడం కూడా మనిషిని ఈ క్షణంలోకి తీసుకొస్తాయి.

ఇవన్నీ మామూలుగా ఉన్నప్పుడు రోజుకు రెండుసార్లు, మూడేసి నిమిషాలు, మీరూ కలిసి చేస్తేనే అవసరానికి అక్కరకొస్తాయి. దడ వచ్చినప్పుడు మొదటిసారి నేర్పితే ఏదీ ఎక్కదు.

ఒక 40 పేజీల నోటుబుక్కు పెట్టండి. అలా జరిగిన ప్రతిసారీ నాలుగు ముక్కలు రాయండి: ఏ టైముకు, దానికి పది నిమిషాల ముందు ఏం జరిగింది, ఎంతసేపు ఉంది, ఏం చేస్తే తగ్గింది. రెండు వారాలకే వరుస కనపడుతుంది. రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య (నాన్న తాగి వచ్చే వేళ), బ్రాందీ వాసన, ఎవరైనా వెనక నుంచి పిలవడం, తల్లి సంవత్సరీకం దగ్గర పడటం. తెలిస్తే ముందే ఏర్పాటు చేసుకోవచ్చు: ఆ వేళకు పిల్ల మీతోపాటు బయట నడకకు రావడం, సంవత్సరీకం రోజు స్కూలుకు సెలవు పెట్టి ఏం చేయాలో తననే అడగడం. ఈ పుస్తకం గురించి పిల్లకు తెలిసుండాలి. దొంగచాటుగా రాస్తే నిఘా అవుతుంది.

నిద్ర, ఒళ్లు

ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. నిద్ర పట్టే టైము మన చేతిలో ఉండదు గానీ లేచే టైము ఉంటుంది, దాన్ని ఆదివారం కూడా మార్చకండి. సాయంత్రం నాలుగు తర్వాత టీ, కాఫీ వద్దు. ఫోను రాత్రి హాల్లోనే ఛార్జింగ్‌లో ఉండాలి, మీదీ అక్కడే. చీకటి భయమైతే చిన్న లైటు వెలగనివ్వండి, 'ఇంత పెద్దదానివి' అనకండి.

అదే పీడకల మళ్లీ మళ్లీ వస్తుంటే, పగటిపూట దాన్ని కాగితం మీద క్లుప్తంగా రాయించి, కథను తనకు నచ్చినట్టు ఎక్కడో ఒకచోట మార్చమనండి. తలుపు తెరుచుకుంటుంది, అమ్మమ్మ వస్తుంది, తను పరుగెత్తి బయటపడుతుంది, ఏదైనా సరే. మార్చిన కథను రోజూ పగలు పది నిమిషాలు మనసులో నడిపించుకోవాలి. రాయడమే తట్టుకోలేకపోతే ఆపేసి కౌన్సెలర్‌తో చేయించండి.

రోజుకు గంటసేపు ఒళ్లు కదలాలి. కబడ్డీ, షటిల్, సైకిల్, ఈత, డప్పు, కూచిపూడి, పిల్లకు నచ్చిందేదైనా. ఆటలో కోచ్ మంచివాడైతే మీకు రెండో పెద్ద మనిషి దొరికినట్టే.

పని, చదువు

తన చేతిలో ఏమీ లేదన్న అనుభవం నుంచి వచ్చిన పిల్లకు రోజుకు రెండు మూడు చోట్ల నిర్ణయం వదిలేయండి. కూర ఏది, తల జడ వేసుకోవాలా కత్తిరించుకోవాలా, ఏ గ్రూపు తీసుకోవాలి. ఇంట్లో ఒక పని పూర్తిగా తనదిగా ఇవ్వండి: కరెంటు బిల్లు కట్టడం, తమ్ముడికి సైన్స్ చెప్పడం, మొక్కలు. మెచ్చుకునేటప్పుడు చేసిన పని పేరు చెప్పండి. 'బిల్లు గడువు కంటే రెండు రోజుల ముందే కట్టావు' అన్నది నిలుస్తుంది, 'చాలా మంచి పిల్లవి' అన్నదాన్ని ఈ పిల్లలు నమ్మరు.

ఇక్కడ గట్టిగా చెప్పాలి. అమ్మానాన్న లేని ఆడపిల్ల బంధువుల ఇంట్లో పనిమనిషిగా మారిపోవడం మన ఊళ్లలో ఎన్నో ఇళ్లలో జరుగుతోంది. మీ సొంత పిల్లలు చేసే పని కంటే ఎక్కువ తనకు పడుతోందా అని నెలకోసారి లెక్క చూసుకోండి. మగపిల్లాడిని చదువు మాన్పించి షెడ్డులో చేర్చడమూ, 'పెళ్లి చేసేస్తే అదే సర్దుకుంటుంది' అని 18 నిండని అమ్మాయికి సంబంధాలు చూడటమూ పాత గాయం మీద కొత్త గాయం చేయడమే.

స్కూల్లో లేదా కాలేజీలో ఒక్కరికే చెప్పండి, అదీ అవసరమైనంతే: 'ఇంట్లో కష్టం జరిగింది. గట్టి శబ్దాలకు భయపడుతుంది. తలుపు దగ్గర బెంచీ ఇవ్వండి, అడిగితే ఐదు నిమిషాలు బయటకు పంపండి.' ఏం జరిగిందో చెప్పాల్సిన పనిలేదు. పొద్దున ఆరు నుంచి రాత్రి పదిదాకా స్టడీ అవర్లు నడిపే రెసిడెన్షియల్ కాలేజీ, ఇంకా తేరుకోని పిల్లకు సరిపడదు. తప్పనిసరైతే వారంలో నిర్ణీత రోజున, నిర్ణీత టైముకు ఫోన్ చేయండి, ఔటింగ్ రోజు తప్పకుండా వెళ్లండి. ఇంటర్ ఫలితాల రోజున పిల్లను ఒంటరిగా వదలొద్దు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉందన్న సంగతి ఫలితాలకు వారం ముందే మాటల్లో చెప్పి ఉంచండి.

వైద్యం ఎప్పుడు

పీడకలలు, ఉలిక్కిపాటు, తప్పించుకు తిరగడం, మొద్దుబారడం నెల దాటినా తగ్గకపోతే, లేదా చదువూ తిండీ దెబ్బతింటుంటే వైద్యుల దగ్గరికి వెళ్లాలి. మనసు గాయపడిన పిల్లలకు బాగా పరీక్షకు నిలిచిన చికిత్స, ఆ గాయం మీదే దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల్నీ ప్రవర్తననీ మెల్లగా మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స). సాధారణంగా 12 నుంచి 16 సిట్టింగులు ఉంటాయి, కొన్నింటిలో మీరూ కూర్చోవాలి. మొదటిరోజే జరిగిందంతా చెప్పమనే కౌన్సెలర్ అయితే మార్చండి. ముందు శాంతపడటం నేర్పి, ఆ తర్వాతే మెల్లగా జ్ఞాపకాల దగ్గరికి రావాలి. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు వేయకండి. దిష్టి తీయడం, గుడికో దర్గాకో తీసుకెళ్లడం పిల్లకు ఊరటనిస్తే అభ్యంతరం లేదు. గాలి సోకిందని కొట్టించడం, పొగ పెట్టించడం హింసే.

మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయం టెలీ మానస్, నంబరు 14416. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్ట్ ఏ రోజుల్లో చూస్తారో ముందే కనుక్కోండి.

చావు గురించి మాట్లాడినా, వస్తువులు పంచిపెట్టినా, చేతి మీద కోతలు కనిపించినా సూటిగా అడగండి: 'చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అని ఆలోచించావా?' అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అడిగినవాళ్లున్నారన్న ఊరట కలుగుతుంది. ఔనంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పురుగుమందు డబ్బాలు, ఎలుకల మందు, మిగిలిన మాత్రలు ఇంట్లోంచి తీసేయండి. పొలం పనికి అవసరమైన మందును వేరే చోట తాళంలో పెట్టండి. ఆ క్షణం చేతికి అందకపోవడమే చాలా ప్రాణాలు నిలుపుతుంది. ప్రయత్నించిన వాళ్ల మీద కేసు పెడతారని భయపడి దాచకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వాళ్లను తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాళ్లుగా చూడమంటోంది.

డబ్బు, కాగితాలు

తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు, వితంతు తల్లి పెంచే పిల్లలకు, పిల్లల సంరక్షణకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి గ్రామాల్లో 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు మించకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. ఆధార్, మరణ ధ్రువపత్రం, స్కూలు బోనఫైడ్, ఆదాయ ధ్రువపత్రం, పిల్ల పేరున బ్యాంకు ఖాతా ముందే సిద్ధం చేసుకుంటే తిరగడం తగ్గుతుంది. బాలల సదనంలో పెరిగినవాళ్లకు 18 నిండాక కూడా 21 ఏళ్ల వరకు ఆఫ్టర్ కేర్ (సదనం నుంచి బయటికొచ్చాక సొంత కాళ్ల మీద నిలబడేందుకు సాయం) ఉంది. 17వ ఏట నుంచే అడగడం మొదలుపెట్టండి. పోక్సో కేసుల్లో పరిహారానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయరును ఇస్తారు.

మూడు నెలలకోసారి నోటుబుక్కు తిరగేయండి. దడ పూర్తిగా పోయిందా అని చూడకండి. రెండు గంటలుండేది ఇరవై నిమిషాలకు దిగిందా, తనంతట తనే మీ దగ్గరికి వచ్చి 'పిన్నీ, ఇవాళ బాలేదు' అని చెప్పిందా, ఒక స్నేహితురాలి పేరు మాటల్లో వస్తోందా అన్నవి చూడండి. కోర్టు తేదీ, పరీక్షలు, పెళ్లి వేడుక, తండ్రి జైలు నుంచి రావడం వంటి వాటి చుట్టూ మళ్లీ వెనక్కి పోతారు. అప్పుడు కొత్తదేమీ కనిపెట్టనక్కర్లేదు. లేచే టైము, 15 నిమిషాలు, శ్వాస, ఈ మూడూ మొదటివారం చేసినట్టే మళ్లీ మొదలుపెట్టండి. మీకు జ్వరమొచ్చినా, ఊరెళ్లాల్సి వచ్చినా మీ బదులు ఆ 15 నిమిషాలు ఎవరుంటారో, ఆ పేరు పిల్లతో కలిసి ఇప్పుడే నిర్ణయించి నోటుబుక్కు అట్ట లోపల ఫోన్ నంబరుతో సహా రాసిపెట్టండి.